పడవ లేనివాళ్ళ ఇంటిపేరు

మా వంశంలో ఇన్ని తరాల్లోనూ బొబ్బర్లు నోట పెట్టని మనిషిని నేనొక్కణ్ణే. రాసి పెట్టుకోండి. డెబ్బై ఆరేళ్ళు వచ్చాయి, పళ్ళు పదకొండు మిగిలాయి. ఆ పదకొండింటిలో ఒక్కదానికి కూడా బొబ్బరి తొక్క అంటుకున్న పాపం లేదు.

ఇదేం గొప్ప అనుకుంటారు మీరు. మీరు కులిబాలీలు కారు గనక అనుకుంటారు. మా దేశంలో ఆ ఇంటిపేరుతో పుట్టినవాడి చెవిన, తల్లి జోలపాటకన్నా ముందు పడే మాట "బొబ్బర్ల తిండిపోతు". అనేది కేతాలు. కేతా ఇంటిపేరువాళ్ళు మాకు వేళాకోళపు చుట్టాలు. రక్తసంబంధం ఏమీ లేదు, ఇంటిపేరుకీ ఇంటిపేరుకీ మధ్య ఏనాడో పెద్దలు వేసిన ముడి. వాడు నన్ను బానిస అనవచ్చు, నేను వాణ్ణి గాడిద అనవచ్చు. కోపం మాత్రం ఎవరికీ రాకూడదు, వచ్చినవాడు ఓడినట్టే. ఇంకొక కట్టుబాటు కూడా ఉంది. తగువులో వాడు మధ్యవర్తిగా వచ్చి కూర్చుంటే వాడి మాట కాదనకూడదు. ఈ రెండో కట్టుబాటు పెట్టిన పెద్ద ఎవరో గాని, తప్పకుండా కేతాయే అయివుంటాడు.

ఇక కులిబాలీల సంగతి. జోలిబా ఏట్లో చేపలకన్నా మేమే ఎక్కువ. ఆసుపత్రిలో నర్సమ్మ బయటికి వచ్చి "కులిబాలి!" అని కేకేస్తే బల్లల మీద కూర్చున్నవాళ్ళలో సగం మంది లేస్తారు. మిగతా సగం మంది కూడా కులిబాలీలే, మోకాళ్ళ నొప్పులవల్ల లేవలేరు. ఒకప్పుడు సెగూని ఏలినవాళ్ళు మావాళ్ళు. రాజుగారి ఇంటిపేరు కదా అని కొలువులో చేరినవాళ్ళు కొందరు అదే తగిలించుకున్నారు. అలా కొందరు పుట్టి కులిబాలీలు, కొందరు చేరి కులిబాలీలు. చేరినవాడు ఎవడని అడిగి చూడండి, ఒక్కడూ దొరకడు. అందరూ పుట్టినవాళ్ళే.

కులిబాలి అంటే పడవ లేనివాడని అర్థం. అంత పెద్ద ఏటి పక్కన కాపురం ఉంటూ ఇంతకన్నా పనికిరాని పేరు ఇంకెవరికైనా ఉందేమో నాకు తెలియదు. ఆ పేరు ఎలా వచ్చిందో తర్వాత చెబుతాను, ముందు ఆ పేరు నా మనవడి నామకరణం నాడు నన్ను పెట్టిన తిప్పలు చెప్పనివ్వండి.

నా కొడుకు బకారీ అవతలి గట్టున న్యామాబుగులో వరి పండిస్తాడు. వాడికి ఇద్దరు ఆడపిల్లల తర్వాత మగపిల్లాడు పుట్టాడు. ఎనిమిదో రోజు పొద్దున్నే పిల్లాడి తల గొరిగి, పొట్టేలు కోసి, పేరు చెప్పాలి. "నాన్నా, నీ పేరే పెడదాం, సిరిమాన్" అన్నాడు బకారీ. నేను వద్దు వద్దని రెండుసార్లు అన్నాను. మూడోసారి అంటే నిజంగా మానేస్తాడేమోనని ఊరుకున్నాను. ఎటొచ్చీ పిల్లాడి పేరు ఇమాముగారి చెవిలో చెప్పాల్సింది తండ్రివైపు పెద్ద. నేను వేళకి అందకపోతే ఆ పని చెయ్యటానికి ఆ గట్టున ఇంకొక పెద్ద ఉన్నాడు, మా పెదనాన్న కొడుకు. నాకన్నా రెండు నెలలు ముందు పుట్టాడు. ఆ రెండు నెలల పెద్దరికాన్ని డెబ్బై ఆరేళ్ళుగా నా నెత్తిన మోగిస్తున్నాడు.

అతని పేరు మోలోబాలి. అంటే సిగ్గు లేనివాడు. వాళ్ళమ్మకి ముందు పుట్టిన ముగ్గురూ పోతే, ఇంత పాడుపేరు వింటే చావు కూడా ముఖం తిప్పుకుంటుందని అలా పెట్టింది. చావు ముఖం తిప్పుకుంది. సిగ్గు కూడా తిప్పుకుంది. మోలోబాలి కులిబాలి, అంటే సిగ్గూ పడవా రెండూ లేనివాడు. తన పేరు పెట్టించుకునేవాడు ఒకడు పుట్టాలని ముప్ఫై ఏళ్ళుగా ఏ ఇంట్లో తొట్టి ఊగినా అక్కడికి వెళ్ళి దగ్గుతూ కూర్చునే మనిషి.

ముందురోజు సాయంత్రం అతను కబురంపాడు. "సూర్యుడు బకారీ వాకిట్లో వేపచెట్టు కొన దాటేదాకా చూస్తాను. ఆ తర్వాత నా నోటికి ఏ పేరొస్తే అది చెప్పేస్తాను."

నోటికి ఏ పేరొస్తుందో నాకు తెలియదా!

తెల్లవారి నమాజు కాగానే నీలం అంగీ తొడుక్కుని, నామకరణానికి పంచే కోలా కాయలు మూట కట్టుకుని రేవుకి పరుగెత్తాను. సోమవారం. సెగూ సంతకి పోయే పడవలన్నీ చీకటితోనే వెళ్ళిపోయాయి. ఒక్క పడవ మిగిలింది, బాంజుగు కేతాది. నలభై ఏళ్ళుగా ఆ రేవు వేళాకోళం మా ఇద్దరిదే. పడవలో కుండలమ్మే కుంబా, ఒళ్ళో రెండు కోళ్ళతో ఒక కొత్త కోడలు కూర్చుని ఉన్నారు. బాంజుగు అటు తిరిగి, అంచు చిరిగిన తన గడ్డిటోపీ పెట్టుకుని, వంగి పడవలో నీళ్ళు తోడుతున్నాడు.

మా దేశంలో మనిషి ఎదురైతే ముందు ఇల్లెలా ఉంది, పిల్లలెలా ఉన్నారు, చేనెలా ఉంది అని అడుగుతాం. ఆ తర్వాత ఇంటిపేరు అడుగుతాం. ఇంటిపేరు తెలిశాకనే నవ్వాలో, వంగి దణ్ణం పెట్టాలో, తిట్టాలో తెలుస్తుంది. నడక వచ్చిన పిల్లకి కూడా ఇది తెలుసు. ఆ రోజు నాకు తొందర. టోపీ కనబడింది, తిట్టేశాను.

"లేవరా బానిసా! నీ యజమాని వచ్చాడు. మీ తాతని మా తాత గంపెడు బొబ్బర్లకి కొన్నాడు, ఇంటికి చేరేలోపు ఆ బొబ్బర్లు కూడా మీ తాతే మెక్కేశాడు. లే, గడ తియ్యి!"

టోపీ లేచింది. దాని కింద బాంజుగు లేడు. ముప్ఫై ఏళ్ళ సన్నటి మనిషి, ఎన్నడూ చూడని ముఖం. చేతిలోని డొప్పలో నీళ్ళు ఉన్నట్టుండి కదలటం మానేశాయి. కోళ్ళు కూడా నోరు మూసుకున్నాయి.

"పెద్దాయనా, తమరి ఇంటిపేరు?" అన్నాడు మెల్లగా.

"కులిబాలి."

"నాది కరబెంతా."

నా చేతిలో మూట జారింది. కరబెంతాలు దిగువనుంచి వచ్చే బోజో జాలర్లు. వాళ్ళకీ మాకూ ఏ ముడీ లేదు. ఈ దేశంలో నేను తిట్టదగిన ఇంటిపేర్లు బోలెడు, వెతికి వెతికి తిట్టకూడనివాణ్ణి పట్టుకున్నాను. కేతాని బానిస అంటే పలకరింపు. కరబెంతాని బానిస అంటే, వాడి తల్లినీ తాతనీ కలిపి చెంపదెబ్బ కొట్టటమే.

అతను డొప్ప కింద పెట్టాడు. గడని నెమ్మదిగా పడవలో పడుకోబెట్టాడు. గట్టెక్కి, మాకు వీపు పెట్టి కూర్చున్నాడు.

"నాయనా, పొరపాటైంది. నిన్ను బాంజుగు అనుకున్నాను."

"బాంజుగు మా తోడల్లుడు. జ్వరమొచ్చి పడుకున్నాడు. ఎండ తగలకుండా తన టోపీ ఇచ్చాడు."

"అదే, ఆ టోపీ చూసే..."

"తమరు పెద్దవారు. నేను తిరిగి ఒక్క మాట అనను" అన్నాడు అతను, ఏటిని చూస్తూనే. "పడవ మాత్రం కదలదు."

తిట్టినా బాగుండేది. కొట్టినా బాగుండేది. ఆ మర్యాద ఉంది చూశారూ, దానికి మందు లేదు. నేను కోలా కాయలు రెండు చేతులా పట్టుకుని ముందు పెట్టాను. వాటిని ఒక ఆకు కదిపినట్టు పక్కకి జరిపాడు.

"తాతా, నీ నోరు నీ మెడకన్నా పొడుగు" అంది కుంబా పడవలోంచి. "పాతిక కుండలు దించాలి నేను అవతల. నీ వేళాకోళం నా కొంప ముంచింది."

"నువ్వైనా చెప్పవే వాడికి."

"నేనేం చెప్పను? నేనూ కులిబాలినే. ఈ కోళ్ళ పిల్లా కులిబాలే. మేమిద్దరం కూడా నోరు తెరిస్తే మనిషి దిగువన మోప్తీ దాకా నడుచుకుంటూ పోతాడు."

"అయితే నేను దాటేదెలా?"

"పడవ లేనివాళ్ళం కదా మనం, పడవెందుకు నీకు? మన తాతల్ని దాటించిన చేపని పిలువు."

దూరంగా అవతలి గట్టున న్యామాబుగు చెట్లమీద ఎర్రగా వెలుగు పడుతోంది. కుంబా అటు చూసి, నన్ను చూసి, విసుక్కుంటూ పడవ దిగింది. "పోయి ఆ బాంజుగుని లాక్కొస్తాను. నా కుండలు చూస్తూ ఉండు. వాటిని మాత్రం పలకరించకు."

ఆమె వచ్చేదాకా ఊరికే కూర్చోలేక, అతని మనసు మెత్తపడుతుందేమోనని, మా ఇంటిపేరు కథ ఎత్తుకున్నాను. ఆ కథకి కరగని గుండె ఇంతవరకు నేను చూడలేదు.

"నాయనా, మేం ఏటిని గౌరవించే వంశం. అనగనగా ఇద్దరన్నదమ్ములు. వెనకాల శత్రువులు, ముందు జోలిబా. పడవ లేదు. పెద్దవాడు ఏటికి మొక్కాడు. నీళ్ళు చీలి ఒక వాలుగ చేప పైకి లేచింది. మసీదు ముంగిలంత వెడల్పు దాని వీపు. పక్కన నీటిగుర్రం లేచి, నేను మోస్తానంటే నేను మోస్తానని తగువుకొచ్చింది. నువ్వు సగం ఏట్లో గడ్డి కనబడితే ఆగిపోతావు, అవతలికి పో అంది చేప. అన్నదమ్ములిద్దర్నీ ఎక్కించుకుని దాటించింది. అందుకే మేం పడవ లేనివాళ్ళం. ఇప్పటికీ మా ఇళ్ళలో ఆ చేపని తినం."

అతను వెనక్కి తిరగలేదు. "ఏ నెలలో?" అన్నాడు.

"ఏమిటి?"

"దాటింది ఏ నెలలో?"

"వరదకాలంలో. ఏరు పొంగి పొర్లుతోంది."

"వరదకాలంలో అంత పెద్ద వాలుగ నడి ఏట్లో ఉండదు. గుడ్లు పెట్టటానికి గడ్డిమడుగుల్లోకి పోతుంది."

మూడు వందల ఏళ్ళుగా పాడుతున్న కథ! విని ఏడ్చినవాళ్ళున్నారు, కోడిపుంజుని బహుమతి ఇచ్చినవాళ్ళున్నారు. చేప గుడ్ల సంగతి ఎత్తినవాణ్ణి ఇతన్నే చూశాను. "అది ఆడచేప కాదు" అన్నాను పళ్ళు కొరుకుతూ. అతని వీపు కొంచెం కదిలినట్టు అనిపించింది. దగ్గో, నవ్వో తెలియలేదు.

అంతలో బాంజుగు వచ్చాడు. ఒంటినిండా దుప్పటి, ముఖం నిండా నవ్వు.

"నీకు జ్వరమన్నారు?" అన్నాను.

"నువ్వు తప్పు మనిషిని తిట్టావని కుంబా చెప్పగానే దిగిపోయిందిరా. ఈ మందు నాకు ఇరవై ఏళ్ళ కిందటే ఎందుకు వెయ్యలేదు నువ్వు?" నా పక్కన కూలబడి కడుపు పట్టుకుని నవ్వాడు. నవ్వి నవ్వి, దుప్పటి సర్దుకుని, పెద్దమనిషిలా గొంతు సవరించుకున్నాడు. నాకు ఆ సవరింపు నచ్చలేదు.

"తమ్ముడూ" అన్నాడు కరబెంతాతో, "ఈ ముసలాడు నా సొత్తు. వాడి నోటినుంచి వచ్చిన తిట్లు కూడా నా సొత్తే. నా టోపీ మీద పడాల్సినవి, టోపీతోపాటు నీ నెత్తికొచ్చాయి. వాటిని నేను తీసేసుకుంటున్నాను. నీ మీద ఇక ఒక్కటీ లేదు. సరేనా?"

కరబెంతా తల వంచాడు. "నువ్వు తీసుకుంటే సరే. కాని ఈయన ఏమీ మోయకుండా పోతాడా?"

"పోనిస్తానా?" బాంజుగు వేలు రేవు పైకి చూపింది. అక్కడ వాడి చెల్లెలు న్యేబా, మూకుట్లో నూనె పోసి, రోజూ పొద్దున్నే బొబ్బర గారెలు వేస్తుంది. ఆ వాసన నేను వచ్చినప్పటినుంచీ నా ముక్కు దగ్గరే కాపలా కాస్తోంది. "వీడు అందరి ముందూ ఒక బొబ్బర గారె తిని, నేను కులిబాలిని, బొబ్బర్లే నా బలం అని అవతలి గట్టుకి వినబడేలా అరవాలి. అప్పుడు పడవ కదులుతుంది."

"చస్తే తినను!"

"తినకు. నాకేం, ఇంటికిపోయి పడుకుంటాను. జ్వరం."

మధ్యవర్తి మాట కాదనకూడదు. కోపం రాకూడదు. నా చెవులు వేడెక్కాయి, కోపం కాదని నాకు నేనే చెప్పుకున్నాను. న్యేబా అప్పటికే ఆకులో గారె పెట్టుకుని వచ్చి నిలబడింది. "వేడిగా ఉంది బాబాయ్, ఊదుకుని తిను" అంది అమాయకంగా. కేతా ఆడపిల్లలకి ఆ అమాయకత్వం పుట్టుకతో వస్తుంది.

అవతలి గట్టు చూశాను. బకారీ ఇంటివైపు పొగ లేచింది. పొట్టేలుకి పొయ్యి అంటించారన్నమాట. వేపచెట్టు వాకిట్లో మోలోబాలి చాప మీద కూర్చుని, తల పైకెత్తి సూర్యుణ్ణి తరుముతూ ఉంటాడు. నా మనవడు బడికి వెళ్తాడు, పంతులు పేరడుగుతాడు, సిగ్గూ పడవా లేనివాణ్ణండీ అంటాడు. జీవితమంతా ప్రతి కేతా వాడి ముఖం చూసి...

తిన్నాను.

పైన కరకరలాడింది, లోపల దూదిలా ఉంది, ఎక్కడో ఒక పచ్చిమిరప ముక్క తగిలింది. ఏటికి ఎదురుగా నిలబడి అరిచాను. "నేను కులిబాలిని! బొబ్బర్లే నా బలం!" అవతలి గట్టు కొంగలు లేచాయి. కోళ్ళ పిల్ల కొంగు నోట్లో కుక్కుకుంది.

"ఇంకొకటి పెట్టమ్మా" అన్నాను.

"తాతా, ఒక్కటి చాలన్నాడు గదా" అంది కుంబా.

"నువ్వుండవే. మొదటిది శిక్ష. ఇది సరిగా ఉడికిందో లేదో చూడటానికి."

అలా చూస్తూ చూస్తూ తొమ్మిది తిన్నాను. ఇంతసేపూ మీరు నా మొదటి మాట పట్టుకుని కూర్చుంటే, రాసిపెట్టుకున్నది కొట్టేయండి. మా ఆవిడ ప్రతి శుక్రవారం ఎండుచేపలు వేసి బొబ్బర్లు వండుతుంది, కుండ అడుగు గీకేది నేనే. మా దేశంలో బొబ్బర్లు తినని ఇల్లుందా అసలు? కేతాలు మాకన్నా ఎక్కువ తింటారు. ఇంట్లో తినటం వేరు, రేవులో కేతా చూస్తుండగా తినటం వేరు. ఆ తేడాని కాపాడుకోవటానికే కదా ఇన్నేళ్ళ నా పాట్లు.

అప్పుడు వినబడింది, కరబెంతా నవ్వు. ఇటు తిరిగి, మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని నవ్వుతున్నాడు.

"పెద్దాయనా, మీ కథలో తప్పెక్కడుందో ఇప్పుడు తెలిసింది. ఇంత తినేవాళ్ళని ఇద్దర్ని ఏ చేప మోస్తుంది? అది చేప కాదు. బోల్తాపడిన పడవ. నల్లగా, నున్నగా నీళ్ళలో తేలుతుంటే మీ తాతలకి చేపలా కనబడింది. ఆ పడవ మా తాతది. ఎక్కి దాటి, ఒక దణ్ణమైనా పెట్టకుండా పోయారు."

"ఏమిటీ!"

"ఎక్కు, బొబ్బర్ల బస్తా. నడుమ కూర్చో, పక్కకి ఒరిగితే పడవ మళ్ళీ చేపవుతుంది."

ఎండిన జొన్నచేలో మొదటి వాన పడితే ఎలా ఉంటుందో మీకు తెలుసా? ఆ తిట్టు నాకు అలా ఉంది. రేవంతా వినేలా తిట్టాడు నన్ను, ఇక మా మధ్య ఏ తప్పూ లేదు. పడవ దొంగల వంశమన్నాడు, దారిపొడుగునా. నేను జవాబు చెబుతూనే ఉన్నాను. నడి ఏట్లో గడ అందక తెడ్డు అందుకున్నాడు, తిట్టటం మాత్రం ఆపలేదు.

చేరేసరికి సూర్యుడు వేపచెట్టు కొనకి మనిషెత్తు పైన ఉన్నాడు. పిల్లాడి తల గొరగటం అయిపోయింది. కోలా కాయలు పంచటం అయిపోయింది. పొట్టేలు సంగతి చెప్పనే అక్కర్లేదు. మోలోబాలి చాప మీద, నేను కూర్చోవలసిన చోట, కాళ్ళు చాపుకుని కూర్చున్నాడు.

"వచ్చావా? అంత తొందరేం వచ్చింది, వచ్చే ఏడాది రావలసింది."

"పేరు చెప్పేశావా?"

"ఇమాముగారికి ఇంకో రెండు నామకరణాలున్నాయి. నీకోసం ఆయన గడ్డం నెరవాలా? చెప్పేశాను."

"ఏం పేరు?"

"సిరిమాన్."

ఇందులో మోసమేదైనా ఉందేమోనని అతని ముఖం వెతికాను.

"అట్లా చూడకు" అని విసుక్కున్నాడు మోలోబాలి. "నా పేరు పెడతాననుకున్నావా? డెబ్బై ఆరేళ్ళు ఈ పేరు మోసినవాణ్ణి నేను. బడిలో మోశాను, పెళ్ళిచూపుల్లో మోశాను. ఎనిమిది రోజుల పసిగుడ్డు నెత్తిన పెడతానా దీన్ని? అసలు సిరిమాన్ ఎలాగూ వేళకి రాడు, కనీసం ఒక్క సిరిమానైనా ఈ వాకిట్లో ఉండాలని చెప్పాను."

"మరి ఇళ్ళిళ్ళూ తిరిగి ఆ దగ్గటమేమిటి?"

"దగ్గొచ్చి దగ్గాను."

"ఇది నిన్ననే చెబితే నీ సొమ్మేం పోయేదిరా?"

"నిన్ననే చెబితే నువ్వు రేపొచ్చేవాడివి."

తొమ్మిది గారెలు నా కడుపులో ఒక్కసారిగా బరువెక్కాయి. ఊరికే తిన్నాను! నలభై ఏళ్ళ పరువు ఊరికే పోయింది! ఎవరి మీద విసుక్కోవాలో తెలియక అక్కడే వేపచెట్టుకి ఆనుకుని కూలబడ్డాను. అప్పుడు నా కోడలు పిల్లాణ్ణి తెచ్చి ఒళ్ళో పెట్టింది. మా కోడలు పుట్టింటివైపు కేతా అని ఇంతవరకు మీకు చెప్పలేదు. చెప్పుకోదగ్గ విషయం కాదు గనక చెప్పలేదు. ఆమె వంగి నా గడ్డంవైపు చూసింది, వాసన పట్టింది, వాకిలంతా వినేలా అంది.

"చూడరా సిరిమాన్! మీ తాత గడ్డం నిండా బొబ్బర గారె ముక్కలే! అందుకే కాబోలు, పొద్దున ఏటి అవతలినుంచి ఎవరో అరిచారు."

వాకిట్లో కేతాలు ఎంతమందో అప్పటిదాకా నేను లెక్కపెట్టలేదు. నవ్వు చూసి తెలిసింది. కరబెంతా కూడా వాళ్ళలో కూర్చుని, నా వంతు మాంసం తింటూ, అందరికన్నా గట్టిగా నవ్వుతున్నాడు. పిల్లాడు కళ్ళు తెరిచి నన్ను ఒకసారి చూశాడు. గొరిగిన తల చల్లగా, వెల్లగుమ్మడి పిందెలా ఉంది. వాడి చెవిలో చెప్పాను, "సిరిమాన్ కులిబాలి, ఏటికి దూరంగా ఇల్లు కట్టుకో." వాడు నా అంగీ తడిపాడు.

ఇప్పటికీ కరబెంతా రేవులో నన్ను చూడగానే, పడవ దొంగ వచ్చాడు, తాళ్ళు జాగ్రత్త అని అరుస్తాడు. నేనూ ఏదో అంటాను. వాళ్ళకీ మాకూ ఏ ముడీ లేదని ఇప్పుడు ఎవరికైనా చెబితే నమ్మరు.

ఇందులో ఒక్క ముక్క కల్పించాను, దాచటం దేనికి? తొమ్మిది గారెలన్నది అబద్ధం. పధ్నాలుగు. మిగిలినదంతా, నీటిగుర్రంతో సహా, నిజం.